ముక్కు దూలం కోస్తే మిద్దె నిలుస్తుందా?

"ముక్కు దూలం" అనే మాటను మనం రెండు వేరు వేరు భాగాలకు వాడేస్తుంటాం. రెండు కళ్ల మధ్య మొదలై ముక్కు కొస దాకా దిగే గట్టి గీటు, అంటే కళ్లజోడు కూర్చునే చోటు, అదీ దూలమే. ముక్కు లోపల రెండు రంధ్రాలనూ విడదీసే నడిమి గోడ, అదీ దూలమే. ఈఎన్‌టీ డాక్టరు "దూలం వంకరగా ఉంది, ఆపరేషన్ చేయాలి" అంటే ఆయన చెప్పేది లోపలి గోడ గురించి. వినే ఇంట్లోవాళ్ల కళ్ల ముందు మాత్రం బయటి గీటు కదులుతుంది. ఈ సర్జరీ చుట్టూ ఉన్న భయాలూ ఆశలూ చాలావరకు ఈ ఒక్క మాట దగ్గరే పుడతాయి. ముక్కు పాడైపోతుందేమోనని కొందరి భయం. పనిలో పనిగా హీరోయిన్ ముక్కు వచ్చేస్తుందని ఇంకొందరి ఆశ.

మా ఇంట్లో ఈ మాట మీద నెల రోజులు పంచాయతీ నడిచింది. మాది గిద్దలూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా తాలూకా కర్నూలు జిల్లాలోదే. అందుకేనేమో, ఇప్పటికీ మావాళ్లకు పెద్దాసుపత్రి అంటే నల్లమల ఘాటు దాటి నంద్యాల, కర్నూలే ముందు గుర్తొస్తాయి. నంద్యాలలో చూపిస్తే డాక్టరు గారు ఎండోస్కోపీ చేసి, నడిమి గోడ ఎడమకు వంగి ఆ వైపు దారి దాదాపు మూసుకుపోయిందన్నారు. ఇంటికొచ్చి చెప్పగానే మా అవ్వ రెండు ప్రశ్నలు వేసింది. "మిద్దెకు దూలం కోస్తే కప్పు నిలుస్తదా? పెళ్లి గావాల్సిన పిల్ల ముక్కు ఎవరన్నా కోయిస్తారా?"

రెండో ప్రశ్నకు అమ్మే జవాబు చెప్పింది. "రాత్రంతా నోరు తెరుచుకుని పడుకునే పిల్లకు ముందు ఊపిరి ఆడనీ అత్తా, తర్వాత పెళ్లి సంగతి." మొదటి ప్రశ్న మాత్రం సివిల్ చదివే నాకు నచ్చింది. ఈ సర్జరీ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదే. వందేళ్ల కిందటి సర్జన్లు కూడా దాన్ని కష్టపడి నేర్చుకున్నారు. ఆ జవాబే ఈ వ్యాసం.

గోడ దేనితో కట్టి ఉంది?

ముక్కు మీద వేలు పెట్టి పై నుంచి కిందికి నొక్కుతూ రండి. కళ్ల మధ్య గట్టిగా ఉంటుంది, అది ఎముక. కిందికొచ్చే కొద్దీ మెత్తబడి అటూ ఇటూ కదులుతుంది, అది మృదులాస్థి. లోపలి నడిమి గోడ కూడా అంతే. ముందు భాగం నాలుగు పలకలుగా ఉండే మృదులాస్థి రేకు. దాని వెనక, పైన ఎత్మాయిడ్ ఎముక రేకు, కింద వోమర్ అనే ఎముక ఉంటాయి. వోమర్ అంటే లాటిన్‌లో నాగలి కర్రు. నిజంగానే ఆ ఆకారంలో ఉంటుంది. వీటన్నిటికీ పునాది పై దవడ ఎముక మీద ఉన్న సన్నటి గట్టు.

ఈ గోడకు రెండు వైపులా ప్లాస్టరింగు చేసినట్టు తడి పొర అంటుకుని ఉంటుంది. ఈ ప్లాస్టరింగు అందం కోసం కాదు. మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు లేవు. దానికి తిండి అందేది ఈ పొర నుంచే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నిఖార్సుగా నిలువుగా ఉండే గోడ చాలా తక్కువ మందికి ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే వంకర వస్తుంది, కొందరికి ఎదిగేటప్పుడు, కొందరికి కబడ్డీలోనో బైకు మీద నుంచి పడో వస్తుంది. కాబట్టి స్కానింగు రిపోర్టులో "వంకర" అని ఉన్నంత మాత్రాన సర్జరీ అవసరమని కాదు. ఆ వంకర ఎక్కడుంది, అది గాలిని ఎంత ఆపుతోంది, మనిషికి ఎంత ఇబ్బందిగా ఉంది అన్నవి లెక్కలోకొస్తాయి.

ఫ్లూయిడ్ మెకానిక్స్ ముక్కులో పనిచేసే చోటు

మనం పీల్చే గాలికి శ్వాసమార్గం మొత్తంలో ఎదురయ్యే నిరోధంలో దాదాపు సగం ముక్కులోనే ఉంటుంది. అందులోనూ ఎక్కువ భాగం ముక్కు రంధ్రం నుంచి సుమారు సెంటీమీటరున్నర లోపల ఉండే ఒక ఇరుకు దగ్గర. దాన్ని నాసికా కవాటం అంటారు. వంకర గోడ వెనకెక్కడో ఉంటే మనిషికి తెలియకుండానే జీవితం గడిచిపోవచ్చు. అదే వంకర ఈ ఇరుకు దగ్గర ఉంటే, కొంచెమైనా గట్టిగా తెలుస్తుంది.

ఎందుకో మన సిలబస్సే చెబుతుంది. రెండు మార్కాపురం పలకల్ని దగ్గర దగ్గరగా నిలబెట్టి మధ్య సందులోంచి గాలి పంపుతున్నామనుకోండి. లామినార్ ప్రవాహమైతే, అదే పీడనం తేడాకు పోయే గాలి ఆ సందు వెడల్పు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సందు సగానికి తగ్గితే ప్రవాహం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. సందు 20 శాతం పెరిగితే ప్రవాహం సుమారు 1.7 రెట్లవుతుంది. ముక్కు లోపల అంత సాఫీగా ఉండదు, ప్రవాహం పూర్తిగా లామినారూ కాదు, కాబట్టి ఈ లెక్క అచ్చంగా వర్తించదు. అయినా మిల్లీమీటరు తేడా ఎందుకు అంత పెద్దదో దీంతో అర్థమవుతుంది.

ఇక్కడ బెర్నూలీ కూడా ఉన్నాడు. ఇరుకులో గాలి వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది. ముక్కు పక్క గోడలు బలహీనంగా ఉన్నవాళ్లకు గట్టిగా పీల్చగానే అవి లోపలికి ముడుచుకుపోతాయి. అలాంటివాళ్లకు నడిమి గోడ ఒక్కటే సరిచేస్తే సరిపోదు. అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన బుగ్గను రెండు వేళ్లతో చెవి వైపు లాగి పీల్చి చూడండి. గాలి బాగా ఆడితే ఇబ్బంది కవాటం దగ్గర ఉండొచ్చు. డాక్టర్లు కూడా ఈ పరీక్ష చేస్తారు. ఇది నిర్ధారణ కాదు, ఒక సూచన మాత్రమే.

నడిమి గోడకు ఎదురుగా, పక్క గోడల నుంచి టర్బినేట్లు అనే మెత్తటి మడతలు వేలాడుతుంటాయి. గాలిని వెచ్చబరిచి, తేమ చేసి పంపడం వాటి పని. ఇవి కొన్ని గంటలకోసారి వంతులేసుకుంటాయి. కుడివైపువి ఉబ్బితే ఎడమవైపువి తగ్గుతాయి, తర్వాత అటుది ఇటవుతుంది. దీన్ని 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. మన యోగులు ఇడ, పింగళ అని ఎడమ కుడి శ్వాసలకు పేర్లు పెట్టుకున్నది అంతకు చాలా ముందే. అందుకని ఒక పూట ఒక ముక్కు, ఇంకో పూట ఇంకో ముక్కు బిగుసుకుంటుంటే అది సహజం కావచ్చు. ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోయి ఉంటే గోడను అనుమానించాలి. గోడ ఒక వైపు వంగితే రెండో వైపు ఖాళీ పెరుగుతుంది కదా, ఆ ఖాళీని నింపడానికి అటువైపు టర్బినేట్ పెరుగుతుంది. అలా "బాగున్న" ముక్కు కూడా కొన్నాళ్లకు బిగుసుకుంటుంది.

ఇంకో చిక్కుంది. గాలి ఆడుతోందన్న అనుభూతి మనకు గాలి పరిమాణం వల్ల రాదు. లోపలి పొర చల్లబడటం వల్ల వస్తుంది. అమృతాంజనం రాసుకోగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది కదా. అందులోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టి లేపుతుందే తప్ప దారిని వెడల్పు చేయదు. టర్బినేట్లను మరీ ఎక్కువగా కోసేస్తే దీనికి రివర్సులో జరగొచ్చు. దారి విశాలంగా ఉన్నా ఊపిరాడనట్టే ఉంటుంది. అందుకే మంచి సర్జన్లు టర్బినేట్ల దగ్గర పొదుపుగా ఉంటారు.

కోత ఎక్కడ పడుతుంది?

బయటి ముక్కును బాగుచేయడం మన దేశంలో చాలా పాత విద్య. తెగిన ముక్కును బుగ్గ చర్మంతో అతికించే పద్ధతి సుశ్రుత సంహితలో ఉంది. ముక్కు కోయడం ఒకప్పుడు శిక్ష, అవమానం. కాబట్టి దానికి వైద్యమూ ముందే పుట్టింది. 1792 మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దుల బండి తోలిన కవాస్‌జీ అనే మరాఠా మనిషికి టిప్పు సైనికులు ముక్కు కోశారు. పూణె దగ్గర ఒక నాటు వైద్యుడు నుదుటి చర్మంతో అతనికి మళ్లీ ముక్కు చేశాడు. 1794 అక్టోబరులో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఈ సంగతి బొమ్మతో సహా వేసింది. అది చదివి ఏళ్ల తరబడి సాధన చేసిన జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో అలాంటి ఆపరేషన్ చేశాడు. పరువుకు సంబంధించిన బయటి ముక్కు కథ ఇంత పాతది.

ఊపిరికి సంబంధించిన లోపలి గోడ కథ దీంతో పోలిస్తే నిన్న మొన్నటిది. 1902లో అమెరికాలో ఫ్రీర్, 1904లో జర్మనీలో కిలియన్ ఒక పద్ధతిని స్థిరపరిచారు. పొరను రెండు వైపులా లేపి, వంకరగా ఉన్న మృదులాస్థిని, ఎముకను తీసేసి, పొరలను మళ్లీ కలిపేయడం. ఊపిరి బాగానే ఆడేది. కానీ ఎక్కువ తీసేసిన చోట కొందరికి కొన్నాళ్లకు ముక్కు మధ్యలో గుర్రపు జీనులాగా కుంగేది. అంటే మా అవ్వ భయపడినట్టే మిద్దె కుంగింది.

లోపలి గోడ పైఅంచే బయటి గీటు కింది భాగాన్ని మోస్తోంది. గోడ ముందు అంచు ముక్కు కొసను మోస్తోంది. పై అంచు దూలం, ముందు అంచు స్తంభం. రెండూ కలిసి తలకిందులుగా పెట్టిన ఎల్ అక్షరం ఆకారపు చట్రం. దీన్ని ఎల్-స్ట్రట్ అంటారు. పై నుంచీ ముందు నుంచీ కనీసం ఒక సెంటీమీటరు వెడల్పున ఈ చట్రాన్ని వదిలేసి, మధ్యలో, వెనకాల ఉన్న వంకరను మాత్రం తీయడం ఇప్పటి సూత్రం. 1940ల నుంచి మారిస్ కాటిల్ లాంటివాళ్లు తీసేయడం తగ్గించి, ఉన్నదాన్నే నిటారు చేసి మళ్లీ అమర్చడం మీద దృష్టి పెట్టారు. ఇప్పుడు సెప్టోప్లాస్టీ అంటున్నది ఆ దారిలో వచ్చిందే.

ఈ మాట డాక్టరు గారు అవ్వకు ఇలా చెప్పారు: "పెద్దమ్మా, దూలం జోలికీ ముందు స్తంభం జోలికీ నేను పోను. మధ్యలో అడ్డంగా ఒరిగిన మట్టిగోడ ఒక్కటే సరిచేస్తా." అవ్వ కాసేపు ఆలోచించి, "అట్టయితే సరే" అంది.

సాధారణంగా ఈ ఆపరేషన్ మత్తు ఇచ్చి చేస్తారు. కోత ముక్కు రంధ్రం లోపలే ఉంటుంది, బయట మచ్చ పడదు. ముక్కుపుడక మాత్రం ముందే తీయించేస్తారు. అయ్యాక లోపల ప్యాకింగో, గోడకు ఆసరాగా సన్నటి ప్లాస్టిక్ రేకులో పెట్టొచ్చు. నాకు రేకులు పెట్టి వారానికి తీశారు. నొప్పి అనుకున్నంత లేదు కానీ, ఆ వారం రోజులు ముక్కు మునుపటికంటే ఎక్కువ మూసుకుపోతుంది. వాపు, చెక్కులు కట్టిన రక్తం వల్ల అది మామూలే. చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బరువులెత్తకూడదు. సెలైన్‌తో ముక్కు కడుక్కుంటూ ఉండాలి.

ఊపిరి ఎంత మారుతుంది?

ఈ సర్జరీ నిజంగా పనిచేస్తుందా అని రెండు మంచి అధ్యయనాలు పరీక్షించాయి. నెదర్లాండ్స్‌లో 203 మంది పెద్దవాళ్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, ఒక గుంపుకు సర్జరీ, ఇంకో గుంపుకు సర్జరీ లేని వైద్యం చేసి చూశారు. 2019లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. బ్రిటన్‌లో 378 మందితో, సర్జరీని ఆరు నెలల ముక్కు స్ప్రేలతో పోల్చారు. అది 2023లో బీఎంజే పత్రికలో వచ్చింది. రెండింటిలోనూ సర్జరీ గుంపే సగటున మెరుగ్గా ఉంది. ఇక్కడ సగటు అన్న మాట ముఖ్యం. కొందరికి పెద్దగా తేడా రాదు. సాధారణంగా గోడతో పాటు ఇంకో కారణం ఉన్నవాళ్లకు అలా అవుతుంది.

ఆ ఇంకో కారణం మన వైపు తరచుగా అలర్జీయే. కళ్లాల్లో మిరపకాయలు తొక్కేటప్పుడు లేచే ఘాటు, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ పుప్పొడి, పలకల పరిశ్రమ దగ్గర దుమ్ము. గోడ నిటారైనంత మాత్రాన తుమ్ములు ఆగవు, నీళ్లు కారడం ఆగదు. వాటి మందులు వాటికి వాడాల్సిందే. గురక కూడా అంతే. ముక్కు తెరుచుకుంటే కొంత తగ్గొచ్చు కానీ, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఈ ఒక్క ఆపరేషన్‌తో పోతుందని అనుకోవద్దు.

2004లో తయారైన ఒక ప్రశ్నావళి ఉంది. దాని ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపితే ముక్కు అనే అర్థమొచ్చే "నోస్" అవుతుంది. ఐదే ప్రశ్నలు. ముక్కు బిగుసుకోవడం, మూసుకుపోవడం, ముక్కుతో పీల్చడం కష్టం కావడం, నిద్రకు ఇబ్బంది, పరిగెత్తినప్పుడు గాలి చాలకపోవడం. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులేసి, మొత్తాన్ని 5తో గుణిస్తే 100కు లెక్కొస్తుంది. ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ. సర్జరీకి ముందు నాకు 75 వచ్చింది, మూడు నెలల తర్వాత 20. నిద్ర ప్రశ్న సున్నాకు వచ్చింది. పొద్దున లేవగానే గొంతు ఎండిపోయి నీళ్ల బాటిల్ వెతుక్కోవడం లేదు. మిగిలిన 20 మాత్రం అలర్జీదే. సంక్రాంతికి ఊరెళ్తే ఇప్పటికీ తుమ్ముతాను.

మరి రూపం?

నేరుగా చెప్పాలంటే, చాలామందికి బయటి ముక్కు మారదు. నాకు మారలేదు. కుంగిపోతుందని భయపడిన చుట్టాలే చూడ్డానికొచ్చి "ఆపరేషన్ అయిందంటివి, ముక్కు అట్టనే ఉందే?" అని నిరుత్సాహపడ్డారు. అవ్వ మాత్రం గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, కనుముక్కు తీరు చెక్కుచెదరలేదని తేల్చి, పుడక తెచ్చి పెట్టింది.

మారే సందర్భాలు రెండు మూడున్నాయి. గోడ ముందు అంచే ఒక రంధ్రంలోకి తొంగి చూసేలా వంగి ఉంటే, దాన్ని మధ్యకు తెచ్చినప్పుడు ముక్కు కొస కొంచెం నిటారు కావొచ్చు. చట్రం బలహీనపడితే కొస కొద్దిగా దిగడం, అరుదుగా మధ్యలో కుంగడం జరగొచ్చు. బయటి గీటే వంకరగా ఉండి, అది కూడా సరికావాలంటే దానికి సెప్టోరైనోప్లాస్టీ అనే వేరే, పెద్ద ఆపరేషన్ ఉంది. అందులో ఎముకలను కూడా కదిలిస్తారు. కళ్ల కింద వాపు, కమిలిన మచ్చలు వస్తాయి. కొస వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది దాకా పట్టొచ్చు. కొందరికి ఊపిరి కోసమే ఇది అవసరమవుతుంది, ఎందుకంటే బాగా వంకరైన ముక్కులో లోపలి గోడ ఒక్కదాన్నే నిటారుగా నిలబెట్టలేరు. మీకు ఏది కావాలో, డాక్టరు ఏది చేస్తానంటున్నారో మత్తు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

మిగతా రిస్కులు కూడా చెప్పుకోవాలి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, లోపల అతుకులు పడటం, గోడకు చిల్లు పడటం, వాసన తగ్గడం, పై ముందు పళ్లు తిమ్మిరెక్కడం. నా ముందు పళ్లు నెలన్నర పాటు ఎవరివో అన్నట్టుండేవి, తర్వాత వాటంతటవే మామూలయ్యాయి. చాలావరకు ఇవి అరుదు, లేదా తగ్గిపోయేవే. కానీ సంతకం పెట్టే కాగితంలో ఇవన్నీ ఉంటాయి, చదివి పెట్టండి.

డాక్టరును అడగాల్సినవి

వంకర కవాటం దగ్గరుందా, వెనకా? అలర్జీ వాటా ఎంత? మందులు, స్టిరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి చూశామా? టర్బినేట్లకు కూడా ఏమైనా చేస్తారా, ఎంత? నా బయటి ముక్కు మారే అవకాశం ఉందా? పథకం కిందికి వస్తుందా అన్నది ఆసుపత్రి కౌంటరులోనే ముందుగా అడగండి. కర్నూలు, గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగాలున్నాయి. ప్రైవేటులో ఎస్టిమేట్ చూసి వెనక్కి తగ్గినవాళ్లు అక్కడ ఓపీ చీటీ రాయించుకుని ఒక మాట అడగొచ్చు.

హాస్టల్లో ఉండేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మెడికల్ షాపులో దొరికే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. నాలుగైదు రోజులు దాటి వాడుతూ పోతే మందు దిగగానే ముక్కు ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. రెండోది ఆటల్లో తగిలే దెబ్బ. దెబ్బ తర్వాత ముక్కు రెండు వైపులా లోపల మెత్తగా ఉబ్బి ఊపిరాడకపోతే, అది పొరకూ గోడకూ మధ్య చేరిన రక్తం కావచ్చు. పొర నుంచి విడిపోతే మృదులాస్థికి తిండి అందదని పైన చెప్పుకున్నాం కదా. కొద్ది రోజుల్లోనే అది కరిగిపోయి ముక్కు కుంగిపోవచ్చు. సర్జరీ లేకుండానే మిద్దె కూలే దారుల్లో అదొకటి. అలాంటప్పుడు ఐస్ పెట్టుకుని తెల్లారి చూద్దామని పడుకోకుండా, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.